ఆయ్ అన్న వీణ

చెవి మిషను పెట్టుకున్నాక నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, మా ఇంట్లో గిన్నెలు ఇంత గోల చేస్తాయని. పళ్ళెంలో గరిటె పెడితే గుండె అదురుతుంది. మావారు పేపరు తిప్పితే ఎవరో పక్కన కూర్చుని కొత్త చీర చింపుతున్నట్టుంటుంది. కాకినాడలో చెవుల డాక్టరుగారు, ఇంకా నూనూగు మీసాలవాడు, ఎంతో మర్యాదగా, "అలవాటైపోద్దండీ, కొన్నాళ్ళు ఓపిక పట్టండి" అన్నాడు. మాటలకు నిజంగానే అలవాటు పడ్డాను. ఆటో అతను అడిగేది ఒకటీ నేను చెప్పేది ఒకటీ అయ్యే రోజులు పోయాయి. వీణకు మాత్రం అలవాటు పడలేకపోయాను. మిషను పెట్టుకుని తీగ మీటితే రేకు డబ్బా మోగినట్టుంటుంది. తీసేసి మీటితే కింది స్వరాలు పక్కింట్లోంచి వస్తున్నట్టుంటాయి, పై స్వరాలు అసలు ఉండవు. పై షడ్జం మీద వేలు ఉందని కంటికి తెలుసు, చెవికి తెలియదు. శ్రుతి చేసుకోవడానికి మా అబ్బాయి ఫోనులో ఏదో పెట్టి ఇచ్చాడు. తీగ మీటితే తెర మీద ఒక గీత అటూ ఇటూ ఊగి, శ్రుతి కుదరగానే పచ్చగా మారుతుంది. ఆ పచ్చ గీత చూసి నా వీణ శ్రుతిలో ఉందని నేను నమ్మాలి. ఒకరోజు నాకు కోపమొచ్చి, వీణ మీద దుప్పటి కప్పి గదిలో ఒక మూలకు చేర్చాను. పిల్లలకు వీణ పాఠాలు చెప్పడం మానేశాను. ఎందుకు మానేశారని ఎవరైనా అడిగితే నడుం నొప్పి అని చెప్పేదాన్ని. చెవుడు కన్నా నడుం నొప్పి కాస్త గౌరవంగా వినిపిస్తుంది, ఎందుకో నాకూ తెలియదు.

అమలాపురంలో మా వీధి చివర నాగమణి అని ఉంది. జాకెట్లు కుడుతుంది. భర్త కువైట్‌లో ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నాడు. ఒక శనివారం పొద్దున్న కూతురు హారికను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు ఏడేళ్ళుంటాయి. రెండు జడలు, ముందు పళ్ళు ఊడిన నోరు, చేతిలో నాకోసం తెచ్చిన చక్రకేళి అరటిపళ్ళ అత్తం.

"పిల్లకి కీబోర్డు పంపుతానంటున్నారండీ వాళ్ళ నాన్నగారు," అంది నాగమణి. "ఇదేమో వీణే కావాలంటుందండీ. స్కూలుకెళ్తా మీ గుమ్మం దగ్గర నిలబడి వినేదంటండీ. ఈ మధ్య వినపడట్లేదు, మామ్మగారు ఊరెళ్ళేరా అని రోజూ నన్నడుగుతుందండీ."

"ఊరెళ్ళలేదమ్మా. నడుం నొప్పి," అన్నాను.

హారిక నా నడుం వైపు చూడలేదు. తలుపు సందులోంచి గదిలోకి తొంగిచూసి, "దానికి జ్వరం వచ్చిందాండీ? దుప్పటి కప్పేరు," అంది.

పెద్దవాళ్ళకయితే ఏదో ఒకటి చెప్పి పంపించగలను. జీవితమంతా హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని, మాటలకు కరువు లేదు. కానీ దుప్పటి సంగతి అడిగిన పిల్లకు ఏం చెప్తాం? ఒకసారి చూపించి పంపించేద్దామనుకుని చాప పరిచాను. దుప్పటి తీశాను. ఫోను పక్కన పెట్టుకుని పచ్చ గీత వచ్చేదాకా బిరడాలు తిప్పాను. హారిక నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను సారణి తీగ మీటి, "ఇది స. విన్నావా?" అన్నాను.

"ఆయ్," అంది.

మా కోనసీమలో ఈ మాటకు వేళాపాళా లేదు. బజారులో, బస్సులో, బ్యాంకులో, పెద్దవాళ్ళు ఏం చెప్పినా ఎదుటివాళ్ళు ఆయ్ అంటారు. అవునండీ, అలాగేనండీ, విన్నానండీ, దయచేయండీ, అన్నీ అందులోనే ఉంటాయి. పిల్ల కూడా అదే అంది. నేను నవ్వి, మోగుతున్న తీగను వేలితో ఆపేసి, "ఆయ్ అనకూడదమ్మా. నేను స అంటే నువ్వూ స అనాలి," అన్నాను.

"ఆయ్," అంది మళ్ళీ, ఇంకా సాగదీసి, బుద్ధిగా.

అప్పుడు నా కుడి అరచెయ్యి వీణ కుండ మీద ఉంది. ఆ చెయ్యి కింద కర్ర సన్నగా పలికింది. నేను ఏ తీగా మీటలేదు. మీటిన తీగను నేనే ఆపేశాను. రోడ్డు మీద లారీ ఏదైనా వెళ్ళిందేమోనని నాగమణి వైపు చూశాను. ఆమె అరటిపళ్ళు ఎక్కడ పెట్టాలా అని చూస్తోంది. "ఏదీ, ఇంకోసారి అను," అన్నాను.

"ఏమనాలండీ?" అంది హారిక. కర్ర ఊరుకుంది.

"ఆయ్ అను."

"ఆయ్."

కర్ర పలికింది. ఎంతసేపు అలా చెయ్యి తీయకుండా కూర్చుండిపోయానో తెలియదు. "ఏవండీ, నడుం నొప్పి మళ్ళీ వచ్చిందాండీ?" అని నాగమణి కంగారుగా అడిగేదాకా నాకు ఆ గది గుర్తు లేదు. నేను చిన్నప్పటి పలివెలలో ఉన్నాను. రాజ్యం అత్తయ్య ఎదురుగా, నా చేతికి కొబ్బరినూనె రాయించుకుని కూర్చుని ఉన్నాను.

రాజ్యం అత్తయ్య మా నాన్నగారికి అక్క. మేము కొత్తపేటలో ఉండేవాళ్ళం. మా తమ్ముడు పుట్టాక అమ్మకు ఒంట్లో బాగోక, నన్ను పలివెల తీసుకెళ్ళి అత్తయ్యగారింట్లో దించారు. కొన్నాళ్ళకని దించిన పిల్లను అక్కడే బడిలో వేశారు. అప్పటికి నాకూ హారిక వయసే. మామయ్యగారికి వరిపొలమూ, కొబ్బరితోటా ఉండేవి. ఇంటికి ఎప్పుడు ఎవరొచ్చినా ఆ ఇంట్లో ముందు తగిలేది పొగ వాసన. పెరట్లో కొబ్బరి డొక్కల మంట మీద రాగి కాగులో నీళ్ళు తెల్లవారకముందే కాగుతూ ఉండేవి. ఆ పొగ అందరి జుట్టుకూ, ఆరేసిన బట్టలకూ, చివరికి నా తెలుగువాచకానికి కూడా పట్టేసేది. వంటింట్లో పనసాకులు నాలుగేసి కలిపి బుట్టలా గుచ్చి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు. ఆకు విప్పుతుంటే వచ్చే ఆవిరి వాసన కోసం నేను తినకముందే ముఖం దగ్గర పెట్టుకునేదాన్ని. "వాసన చూసి కడుపు నింపుకుంటావేంటే, తిను," అనేది అత్తయ్య. తర్వాత వీణను చూపించి, "అదీ ఆ చెట్టుదే. ఆకులో అన్నం, కర్రలో సంగీతం. పనస చెట్టుకి దణ్ణం పెట్టుకోవాలే అమ్మడూ," అనేది.

ఆవిడది భారీ మనిషి. నెమ్మదిగా కదిలేది, తక్కువగా మాట్లాడేది. ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురు లేదు కాబట్టి ఆవిడ ఎవరికీ ఆయ్ అనాల్సిన అవసరం ఉండేది కాదు. పాలేరు ఏదైనా చెప్పినా ఊఁ, మామయ్యగారు చెప్పినా ఊఁ, నేను బడి నుంచి వచ్చి గుక్కతిప్పుకోకుండా ఏకరువు పెట్టే సంగతులన్నిటికీ కలిపి ఒక ఊఁ. ఊళ్ళో పెద్ద ముత్తయిదువలు వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడి ఆయ్ అనేది. వాళ్ళు కాక, ఈ లోకంలో ఆవిడ ఆయ్ అనేది వీణ పాఠంలో ఒక్కచోటే.

పాఠం పొద్దున్న స్నానాలయ్యాక. కోవెల్లో గంట మోగితే చాప పరవాలి. అరచిప్పలో పేరుకున్న కొబ్బరినూనె, కొత్తగా ఆడించింది, తియ్యటి వాసన వేసేది. దాన్ని నా ఎడమచేతి చూపుడువేలికీ నడిమివేలికీ ఆవిడే రాసేది. తీగ కోసుకుపోయినచోట ఆ నూనె చురుక్కుమనేది. నాకు వీణ ఒళ్ళోకి ఎక్కదు కాబట్టి ఆనపకాయ బుర్ర కింద పాత దిండు ఒకటి పెట్టి, నన్ను దాని పక్కన సర్దేది. ఎవరికైనా మొదలు మాయామాళవగౌళ రాగంలోనే, స రి గ మ ప ద ని స. పాడమంటే నోటికి వచ్చేసింది. వేళ్ళకే రాలేదు. ఆ రాగంలో రి మొదటి మెట్టు మీద ఉంటుంది. గ దగ్గరకు వెళ్ళాలంటే మధ్యలో రెండు మెట్లు వదిలేసి గెంతాలి. నేను గెంతేదాన్ని కాదు. ఆ రెండు మెట్ల మీదా ఒక్కొక్క మీటు వేసి, అప్పుడు గ దగ్గరకు వెళ్ళేదాన్ని. అత్తయ్య నా వేలు పట్టుకుని ఎత్తి గ మీద పెట్టేది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అంతే. వేలు అందడంలేదేమో అనుకుందట పాపం. ఒకరోజు ఎందుకే అని అడిగింది.

"దాటేసి వెళ్తే బాగోదు కదా అత్తయ్యా. వాళ్ళ ముందునుంచి వెళ్తా పలకరించకపోతే ఏమనుకుంటారు?" అన్నాను.

నేను వేళాకోళానికి అనలేదు. వీధిలో ఎవరి గుమ్మం ముందునుంచి వెళ్ళినా "బాగున్నారాండీ" అనకుండా వెళ్ళకూడదని మా అమ్మ నేర్పింది. మెట్లు అన్నా గుమ్మాలే కదా అనుకున్నాను. అత్తయ్య నవ్వలేదు. గంభీరంగా, "వాళ్ళేం అనుకోరే. ఈ రాగం ఇంట్లో పెళ్ళికి వాళ్ళకి పిలుపు లేదు. వాళ్ళకి పిలుపులున్న రాగాలు వేరే ఉన్నాయి, అప్పుడు తప్పకుండా వస్తారు. ఇప్పుడు పలకరిస్తే వాళ్ళే మొహమాటపడతారు," అంది. నాకు పూర్తిగా సబబుగా తోచింది. ఆ రోజు నుంచి గెంతాను. ఆ తర్వాత ఎంతోమంది పిల్లలకు పాఠం చెప్పాను కానీ, ఒక రాగంలో ఏ స్వరం ఎందుకు ఉండదో అంతకన్నా బాగా ఎవరికీ చెప్పలేకపోయాను.

స నుంచి పై స దాకా, మళ్ళీ కిందికి స దాకా, ఒక్క పొల్లు మీటు లేకుండా, ఒక్క బర్రుమనే చప్పుడు లేకుండా వాయించిన రోజు ఒకటి వచ్చింది. ఆఖరి స మీద వేలు తీయగానే అత్తయ్య, "ఆయ్," అంది.

నేను బిత్తరపోయి వెనక్కి చూశాను, ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చారేమోనని. ఎవరూ లేరు. "నాకెందుకు అత్తయ్యా ఆయ్ అన్నావు?" అన్నాను.

"నీకేంటే, నీకెందుకంటాను. స్వరానికి అన్నాను. ఇన్నాళ్ళూ పిలిస్తే ఇవాళ వచ్చి కూచుంది. పెద్దవాళ్ళు ఇంటికొచ్చేరు, ఆయ్ అనకపోతే ఎలాగ?" అంది. ఆ మాటకు నాకు ఎంత భయమేసిందంటే, ఆ పూట వీణను ముట్టుకోలేదు. నా పక్కన చాప మీద ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నట్టే ఉండేది. ఇంకో సంగతి కూడా అప్పటినుంచే గమనించాను. అత్తయ్య ఆయ్ అన్నప్పుడల్లా, ఎవరూ ముట్టుకోకుండానే వీణ సన్నగా పలికేది. అది ఆ వీణ గొప్పతనం అనుకున్నాను.

ఆవిడకు వినపడటంలేదని ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఎప్పుడూ ఆవిడ కొంగు పట్టుకుని తిరిగేది నేనే. కానీ నాకు తెలియలేదు. కోవెల గంట మోగినా చాప పరవకుండా కూర్చుంటే, మర్చిపోయిందనుకుని నేనే పరిచేదాన్ని. పెరట్లోంచి మామయ్యగారు పిలిస్తే పలక్కపోతే, కోపంగా ఉందనుకునేవాళ్ళం. ఆవిడ మాట మెల్లగా పెద్దదైంది. ముత్తయిదువలకు అనే ఆయ్ ఒక్కోసారి మరీ పైకి, ఒక్కోసారి గొంతులోనే ఉండిపోయి, వాళ్ళు మొహాలు చూసుకునేవారు. కొబ్బరి దింపువాళ్ళు ఆవిడతో సైగలు చేయడం మొదలుపెట్టారు. విచిత్రమేమిటంటే పాఠంలో మాత్రం ఏ మార్పూ లేదు. నేను మెట్టు మీద కొంచెం ఎడంగా నొక్కినా ఆవిడ భృకుటి ముడిపడేది. సరిగ్గా కూర్చున్న స్వరానికి ఆయ్ అనేది, ఆ ఆయ్ మాత్రం ఎప్పుడూ ఒకే శ్రుతిలో. కుడి అరచెయ్యి కుండ మీద ఉండేది. అదెప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి దాన్ని నేను చూసేదాన్ని కాదు.

ఈలోగా కొత్తపేటలో ఎవరో మా నాన్నగారితో, మీ అక్కగారికి వినపడదటగా, పిల్లకి సంగీతం ఏం వస్తదండీ, అన్నారు. ఒక మధ్యాహ్నం ఆయన సైకిలు మీద వచ్చారు. వెనక సున్నుండల డబ్బా కట్టుకుని వచ్చారు. అమ్మకు ఒంట్లో కుదుటపడింది, పిల్లను తీసుకెళ్తానన్నారు. కొత్తపేటలోనే ఒక మేష్టారున్నారు, అక్కడ చెప్పిస్తానన్నారు. అదంతా గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. నేను గుమ్మం పక్కన నిలబడి విన్నాను. నాకు అమ్మ దగ్గరకు వెళ్ళాలనే ఉంది. కానీ ఆ చాపా, ఆ నూనె అరచిప్పా, నేను బాగా వాయిస్తే వచ్చి కూర్చునే ఆ పెద్దాయనా లేకుండా ఎలా ఉండాలో తెలియక ఏడుపొచ్చేసింది.

అత్తయ్య ఆయన పెదవుల వైపే చూసింది. "నాకు వినపడదనేగా," అంది.

అక్క అంటే నాన్నగారికి ప్రాణం. కండువా తీసి మెడ తుడుచుకున్నారు.

"పాపం అబ్బాయ్, ఆ మాట అనడానికి ఇంత ఎండలో వచ్చేవు. ఇలా రా, కూచో," అంది. ఆయనను వీణ దగ్గర కూర్చోబెట్టింది. "నేను గోడవైపు తిరిగి కూచుంటాను. నీకు నచ్చిన బిరడా తిప్పు. ఎంత తిప్పుతావో నీ ఇష్టం."

నాన్నగారు భజనల్లో పాడేవారు. శ్రుతి అంటే ఆయనకు బాగా తెలుసు. కాసేపు తటపటాయించి, ఏదో ఒక బిరడా తిప్పారు, ఎంత కొంచెమంటే నాకు తిప్పినట్టే అనిపించలేదు. అత్తయ్య ఇటు తిరిగింది. నన్ను పిలిచి నా అరచెయ్యి కుండ మీద పెట్టి, దాని మీద తన అరచెయ్యి పెట్టింది. ఒకో తీగనూ దాని పక్క తీగతో కలిపి మీటింది. "చూడు, ఇక్కడ కర్ర నిలబడి ఉంది," అంది. ఇంకో జంట మీటింది. "ఇక్కడా నిలబడింది." ఇంకోటి మీటింది. నా చేతి కింద కర్ర అలలు అలలుగా కదిలింది, కాలవలో పడవ ముందు నీళ్ళు కదిలినట్టు. "ఇదిగో, ఇక్కడ పేచీ పడ్డారు," అని, ఆ తీగ బిరడా మెల్లగా తిప్పుతూ, మీటుతూ, మళ్ళీ తిప్పుతూ పోయింది. అలలు వెడల్పయ్యాయి. నెమ్మదించాయి. ఒకచోట ఆగిపోయాయి. కర్ర నిలబడింది. ఆ నిలబడటం నా అరచేతికి ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ అప్పుడు, "ఆయ్," అంది. వీణ పలికింది. ఆ పలకడాన్ని మొదటిసారి నేను చేత్తో విన్నాను.

"నేను ఆయ్ అంటే అది కూడా ఆయ్ అనాలిరా అబ్బాయ్. అది అనకపోతే నేను శ్రుతి తప్పినట్టు. నా గొంతు ఎక్కడుందో నాకు తెలీటంలేదు. దానికి తెలుసు," అంది అత్తయ్య.

నాన్నగారు నోట్లో నోట్లోనే షడ్జం పట్టుకుని తీగ మీటి చూశారు. మళ్ళీ చూశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నాకు కనపడకూడదని కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత లేచి నిలబడి, ఊళ్ళో పెద్దవాళ్ళ ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, "ఆయ్ అక్కయ్యా," అన్నారు. నన్ను తీసుకెళ్ళలేదు. సున్నుండల డబ్బా ఇచ్చేసి, ఒక్కరే సైకిలు తొక్కుకుంటూ కొత్తపేట వెళ్ళిపోయారు.

ఆ తర్వాత చాలాకాలం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నేను అమలాపురంలో కాలేజీ చదువుతుండగా అత్తయ్య పోయింది. వీణ నాకిచ్చారు. మలికిపురంలో ఉద్యోగం చేసినప్పుడూ, పెళ్ళయ్యాకా, పిల్లలు పుట్టాకా అది నాతోనే తిరిగింది. అయితే నేను ఆవిడ చేతిని మర్చిపోయాను. మర్చిపోవడం అంటే, ఆ కథ ఎన్నోసార్లు చెప్పాను, చెప్పినప్పుడల్లా విన్నవాళ్ళు అబ్బా అనేవారు, కానీ అది అత్తయ్యకు మాత్రమే సాధ్యమైన ఒక వింత అన్నట్టు చెప్పేదాన్ని. చెవులు చక్కగా పనిచేస్తున్నవాళ్ళకు చేతితో వినే అవసరం ఏముంది? నా దగ్గర నేర్చుకున్న పిల్లలు బాగా వాయిస్తే అందరిలాగే గుడ్ అనేదాన్ని. ఆయ్ అనలేదు. ఆ మాట అత్తయ్య సొత్తు, అరువు తెచ్చుకుంటే బాగోదనిపించేది.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజుల్లో అత్తయ్యకు ఏమీ లేవు. చెవి మిషను లేదు, డాక్టరు లేడు, పచ్చ గీత లేదు. వినపడటంలేదని ఆవిడ ఎవరితోనూ చెప్పుకోలేదు, అలాగని దాచుకోనూ లేదు. వీణకు దుప్పటి కప్పలేదు. ఒక దారి మూసుకుపోతుంటే ఇంకో దారిన వెళ్ళి స్వరం ముందు నిలబడింది. నా దగ్గర అన్నీ ఉన్నాయి, ఫోను చార్జింగుతో సహా. నేను మాత్రం మూలన పెట్టి, నడుం నొప్పి అని చెప్పుకుంటూ తిరిగాను. దీనికి నాకు సిగ్గు కన్నా ఎక్కువ కలిగింది ఆశ్చర్యం. అంత పెద్ద మనిషి పక్కన కూర్చుని పొట్టిక్కలు తిన్నాను నేను, ఆ చెయ్యి నా చెయ్యి మీద పెట్టుకున్నాను.

ఇదంతా తలుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో గానీ, నాగమణి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేసరికి నేను మళ్ళీ అమలాపురం వచ్చాను. గ్లాసు అందుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నాకు నడుం నొప్పి లేదు నాగమణీ. వినపడదు. ఈ మిషనుతో వీణ అసలు తెలీదు. పిల్ల తప్పు వాయించినా నాకు తెలుస్తుందో లేదో. వేరే ఎవరిదగ్గరైనా చేర్పించు."

నాగమణి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మా అత్తగారికి నాలిక రుచి పోయి ఎన్నాళ్ళో అయిందండీ. ఆవిడ పులుసులో ఉప్పు ఇప్పటిదాకా తప్పలేదండీ. ఎలాగేస్తారో మరి," అంది. గ్లాసు వెనక్కి తీసుకుని, "రేప్పొద్దున్న తీసుకురమ్మంటారాండీ?" అంది.

అలా హారిక వచ్చింది. నేను ఆమె వేళ్ళకు కొబ్బరినూనె రాశాను. ఇప్పుడిది సీసాలో వస్తోంది, ఆ వాసన రాదు. దిండు సర్దాను. ఆమె ఏమీ పలకరించకుండానే రి నుంచి గ మీదకు గెంతింది. ఈ కాలం పిల్ల కదా అనుకుంటుండగానే, "ఈ మధ్యలో మెట్లు పాడైపోయేయాండీ?" అని అడిగింది. పెళ్ళీ పిలుపులూ చెప్పాను. తల ఊపి, ఆ రెండు మెట్లనూ వేలితో ఓదార్చినట్టు నిమిరింది. మొదట్లో మిషను పెట్టుకునే పాఠం చెప్పాను. పచ్చ గీతతోనే శ్రుతి చేశాను. చెయ్యి మాత్రం కుండ మీద పెట్టడం మొదలుపెట్టాను. మొదట ఏమీ తెలియలేదు. అన్ని స్వరాలకూ ఒకటే గుయ్యిమనడం. కొన్నాళ్ళకు, పేచీ పడ్డ తీగల అలలు మళ్ళీ నా చేతికి చిక్కాయి, చిన్నప్పటి ఊరి దారి కాళ్ళకు గుర్తొచ్చినట్టు. ఒకరోజు ముందు చేత్తో శ్రుతి చేసి, తర్వాత ఫోను పెట్టి చూశాను. పచ్చగా వచ్చింది. మావారిని పిలిచి చూపించాను. ఆయనకు ఏం చూడాలో తెలియక, "బాగా చార్జింగుందే," అన్నారు.

అయినా ఒక భయం మిగిలింది. శ్రుతి కలపడం తీగల పని. ఆయ్ అనడం గొంతు పని. చెవులు పోతున్నవాళ్ళ గొంతు ఎటు పోతుందో నేను చిన్నప్పుడే చూశాను. ముత్తయిదువలు మొహాలు చూసుకోవడం నాకు గుర్తుంది.

ఈ మధ్య ఒక పొద్దున్న హారిక కొత్త గౌను వేసుకుని వచ్చింది, నాన్న పంపాడట. చాప మీద కూర్చుని, "ఇవాళ మొత్తం వాయిస్తానండీ," అంది. నేను చెవిలోంచి మిషను తీసి నూనె గిన్నె పక్కన పెట్టాను. గది అంతా దూది కప్పినట్టయింది. అరచెయ్యి కుండ మీద పెట్టాను. ఆమె మొదలుపెట్టింది. కింది స్వరాలు కొంచెం చెవికీ కొంచెం చేతికీ వచ్చాయి. పంచమం దాటాక చెవి ఊరుకుంది, చెయ్యే వింది. వేళ్ళు మెట్ల మీద నడుస్తున్నాయి, నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి వాయిస్తోంది పిల్ల. పై షడ్జం మీద ఆగింది. నాకు ఎన్నాళ్ళుగానో లేని స్వరం అది. నా అరచేతి కింద కర్ర నిండుగా, కదలకుండా నిలబడింది. మళ్ళీ ఒక్కొక్క మెట్టూ దిగుతూ వచ్చి, మొదలుపెట్టినచోట ఆగి, తీగ మీద వేలు వేసి మోత ఆపి నావైపు చూసింది.

గుడ్ అనబోయాను. మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఇద్దరమే ఉన్న ఆ గదిలో ఇంకెవరో వచ్చి కూర్చున్నారు, వాళ్ళను కూర్చోబెట్టుకుని గుడ్ అని ఎలా అంటాను? హారిక చెయ్యి తీసుకుని, నూనె చెయ్యి, చిన్న చెయ్యి, నా చెయ్యి పక్కనే కుండ మీద పెట్టాను. కళ్ళు మూసుకుని, నాకు వినపడని నా గొంతుతో, "ఆయ్," అన్నాను.

కళ్ళు తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు. నా అరచెయ్యి కింద ఏదో కదిలినట్టే ఉంది. అది వీణో, నా వణుకో తెలియలేదు. పిల్ల మొహం చూస్తే తెలుస్తుంది కదా అని తెరిచాను. హారిక కుండ వైపు చూస్తోంది, పళ్ళు లేని నోరు కాస్త తెరుచుకుని ఉంది.

"పలికిందా?" అని అడిగాను.

ఆమె పెదవులు కదిలాయి. నాకు వినపడలేదు. కానీ మా ఇద్దరి చేతుల కిందా వీణ మళ్ళీ పలికింది, అంటే పిల్ల ఆయ్ అందన్నమాట.